దంత ఇంప్లాంట్లు - బోన్ గ్రాఫ్ట్ పదార్థాలు

ఎముక నిరంతరం కరుగుతూ, తిరిగి నిర్మితమవుతూ ఉండే సజీవ కణజాలం. ఈ లక్షణం దంతవైద్యంలో ఎలా ఉపయోగపడుతుందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

నారాయణఖేడ్‌లో ఒకరు దవడ పన్ను పీకించుకున్నారనుకోండి. నొప్పి తగ్గింది, ఆ సంగతి మరిచిపోయారు. రెండేళ్ల తరవాత ఇంప్లాంట్ కోసం వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాద్ వెళితే, ఎముక చాలదని డాక్టరు చెప్పవచ్చు. ఉన్న ఎముక ఏమైంది? పంటి వేరు ద్వారా నమిలే ఒత్తిడి అందినంత కాలమే దాని చుట్టూ ఉండే ఎముక గట్టు నిలుస్తుంది. పన్ను పోయిన మొదటి ఏడాదిలోనే ఆ గట్టు వెడల్పు దాదాపు సగం తగ్గవచ్చు. అందులోనూ ఎక్కువ నష్టం మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. పన్ను తీసిన రోజే ఆ గుంటలో గ్రాఫ్ట్ ఉంచితే ఈ నష్టాన్ని చాలావరకు తగ్గించవచ్చు. ఈ మాట పన్ను తీయకముందే రోగికి తెలియడం అవసరం.

ఇంప్లాంట్ ఒక టైటానియం మర. టైటానియం ఎముకతో ఏకమవుతుందని స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1952లో కుందేళ్లపై ప్రయోగాల్లో గమనించారు. 1965లో మొదటిసారి మనిషికి అమర్చారు. ఏకం కావాలంటే మర చుట్టూ తగినంత ఎముక ఉండాలి కదా!

గ్రాఫ్ట్ అంటే గోడ పగులులో సిమెంటు కూరడం వంటిది కాదు. బీరపాదుకు వేసే పందిరి వంటిది. రోగి సొంత కణాలు, రక్తనాళాలు దాన్ని పట్టుకుని పాకుతూ కొత్త ఎముకను నిర్మిస్తాయి. తీగ అల్లుకోకముందే పందిరి కూలకూడదు. పదార్థాల మధ్య ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది.

రోగి గడ్డం నుంచో, కింది దవడ వెనుక భాగం నుంచో తీసిన ఎముకను ఆటోగ్రాఫ్ట్ అంటారు. ఇందులో జీవకణాలూ, ఎముకను పుట్టించే ప్రోటీన్లూ ఉంటాయి. అయితే రెండో గాయం తప్పదు, దొరికేది కొద్దిగానే. దాతల ఎముకను శుద్ధి చేసి వాడితే అది అల్లోగ్రాఫ్ట్. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి టిష్యూ బ్యాంకు ఇటువంటి ఎముకను గామా కిరణాలతో క్రిమిరహితం చేసి అందిస్తుంది. జీనోగ్రాఫ్ట్ ఎక్కువగా పశువుల ఎముక నుంచి తయారవుతుంది. సేంద్రియ భాగాన్ని తొలగించి ఖనిజాన్ని మాత్రమే మిగులుస్తారు. ఇది చాలా నెమ్మదిగా కరుగుతుంది, ఏళ్ల తరబడి కొంత మిగిలే ఉంటుంది. కృత్రిమ పదార్థాల్లో హైడ్రాక్సీఅపటైట్ నిదానంగానూ, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ త్వరగానూ కరుగుతాయి. అందుకే రెంటినీ కలిపి కూడా వాడతారు.

గ్రాఫ్ట్‌పై కప్పే కొల్లాజెన్ పొర సంగతి రోగులకు సాధారణంగా తెలియదు. చిగురు కణాలు ఎముక కణాలకంటే వేగంగా పెరిగి ఆ స్థలాన్ని ఆక్రమించకుండా ఇది అడ్డుకుంటుంది. ఈ పొర తరచుగా పంది లేదా పశువుల నుంచి వస్తుంది. మతవిశ్వాసం వల్లనో, ఆహార నియమం వల్లనో అభ్యంతరం ఉన్నవారు గ్రాఫ్ట్, పొర దేనితో తయారయ్యాయని ముందే అడగవచ్చు; అడగడం వారి హక్కు. "ఎముక పొడి వేస్తాం" అన్న ఒక్క మాటతో తీసుకున్న సమ్మతి సరిపోదు.

లోటు చిన్నదైతే ఇంప్లాంట్‌నూ గ్రాఫ్ట్‌నూ ఒకేసారి ఉంచుతారు. పెద్దదైతే సుమారు నాలుగు నుంచి ఆరు నెలలు ఆగి మర బిగిస్తారు. పొగతాగడం, అదుపులో లేని మధుమేహం ఎముక కట్టుకోవడాన్ని దెబ్బతీస్తాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: త్వరగా కరిగే పదార్థాన్ని మాత్రమే పెద్ద లోటులో వాడితే ఏమవుతుంది? నాలుగైదు వాక్యాల్లో రాయండి.