సముద్రానికి హద్దు వేసినవాడు

1996 నవంబరు 6 రాత్రి విరుచుకుపడిన తుపానును కోనసీమలో మనమెవరమూ మరచిపోలేదు. ఉప్పలగుప్తం సహా తీర మండలాల్లో కొబ్బరిచెట్లు నేలకూలాయి. ఎన్నో కుటుంబాలు ఆప్తులను పోగొట్టుకున్నాయి. సర్వశక్తిమంతుడైన దేవుడు ఆ రాత్రి ఎక్కడున్నాడు?

బిడ్డలందరినీ ఒక్కరోజే పోగొట్టుకున్న యోబు కూడా దేవుణ్ణి నిలదీశాడు. యోబు గ్రంథం 38వ అధ్యాయంలో దేవుడు సుడిగాలిలోనుండే బదులిచ్చాడు. కారణం చెప్పలేదు. భూమికి పునాది వేసిందెవరో, సముద్రానికి హద్దు పెట్టిందెవరో ఆలోచించమన్నాడు.

తుపాను మనవాళ్లనే ఎందుకు తీసుకుపోయిందో మనకూ తెలియదు. కాని ప్రియులారా, సముద్రం దేవుడు కాదు, అది ఆయన సృష్టి మాత్రమే. ఏమీ లేనప్పుడు కేవలం మాటతో సమస్తాన్నీ కలుగజేసిన దేవునికి, మృతులను తిరిగి లేపడం అసాధ్యమా? మన విశ్వాసానికి పునాది ఇదే. కన్నీళ్లతోనైనా ఆ పునాదిమీదే నిలబడదాం.