టైరుకు కాటుక

మే నెల రెండో వారంలో మా మనవడు హైదరాబాదు నుంచి గుంటూరుకు కారేసుకుని వచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, కొత్త మోజు. కాళ్ళయినా కడుక్కోకుండా డిక్కీలోంచి మూడు సీసాలు తీసి అరుగు మీద వరసగా నిలబెట్టాడు.

"తాతయ్యా, ఇది తోలు సీట్లకి, ఇది డాష్‌బోర్డుకి, ఇది టైర్లకి. ఇవి రాస్తే ఇంక ఎండ ఏమీ చెయ్యదంట."

"ఎవరన్నార్రా?"

"సీసా మీద రాసుంది."

ముప్పై ఏళ్ళకు పైగా కెమిస్ట్రీ పాఠాలు చెప్పిన నోరు ఇది. ఊరుకుంటుందా? ముందు పెరట్లోకి వెళ్ళి దండెం మీద క్లిప్పొకటి పట్రమ్మన్నాను. తెచ్చాడు. కొన్న రోజున అది నెమలికంఠం రంగు. ఇప్పుడు పాలిపోయిన ఆకాశం రంగు. రెండు వేళ్ళతో నొక్కగానే పుటుక్కున విరిగింది, వేలికి తెల్లటి పొడి అంటుకుంది. సుద్దముక్క పట్టుకున్నట్టు.

ప్లాస్టిక్ అంటే పొడుగాటి అణువుల దారాలు కదా. ఎండలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలుంటాయి. అవి ఆ దారాల్ని అక్కడక్కడా తెంపుతాయి. తెగినచోట గాలిలోని ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది, పక్క దారాన్నీ తెంపుతుంది. పొడుగు దారాలు పోయి తునకలు మిగిలితే ఆ వస్తువుకి సాగే గుణం పోతుంది, పెళుసెక్కుతుంది.

"మరి డాబా మీద మన నీళ్ళ ట్యాంకు చూడు. అదీ ప్లాస్టిక్కే. నువ్వు పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. అదెందుకు పొడి కాలేదు?"

వాడు తల పైకెత్తి చూశాడు. "నల్లగా ఉంది కాబట్టా?" అన్నాడు కాస్త అనుమానంగా.

అదే మరి. ఆ నలుపు రంగు కోసం వేసిన నలుపు కాదు. నూటికి రెండు మూడు పాళ్ళు కార్బన్ బ్లాక్ కలుపుతారు. తెలుగులో చెప్పాలంటే మసి. మీ జేజమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి కాటుక పట్టేదే, దాని చుట్టమే. కిరణం లోపలికి పోకముందే ఆ మసి రేణువు దాన్ని మింగేసి వేడిగా మార్చేస్తుంది. పైపొర ఒక్కటే దెబ్బ తింటుంది, లోపలంతా భద్రం.

టైరు నల్లగా ఉండేదీ ఆ మసి వల్లే. రబ్బరు చెట్టు పాలు తెలుపు. తొలినాటి టైర్లు తెల్లగానో బూడిద రంగులోనో ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రబ్బరులో మసి కలపడం నేర్చుకున్నారు. దాంతో టైరు అరగడం ఎన్నో రెట్లు తగ్గింది, ఎండకు తట్టుకునే బలమూ వచ్చింది. ఇవాళ్టి టైరు బరువులో సుమారు పావు వంతు దాకా ఈ మసే. అంత కాటుక పెట్టుకున్న టైరుకి నీ సీసాలోది రాస్తే కొత్తగా వచ్చే కాపుదల ఏముంటుందో నువ్వే ఆలోచించు.

అయితే టైరుకి ఎండ ఒక్కటే శత్రువు కాదు. అసలు దొంగ ఓజోన్. పైన ఆకాశంలో గొడుగు పట్టే ఓజోన్ అక్కడున్నంతసేపే మంచిది. కింద మనం పీల్చే గాలిలో, వాహనాల పొగ మీద ఎండ పడ్డప్పుడు పుట్టేది దొంగ ఓజోన్. ఉండేది చాలా తక్కువ, నూరు కోట్ల అణువుల్లో కొన్ని పదులు. రబ్బరుకి అది చాలు. రబ్బరు దారంలో జంట బంధాలుంటాయి. ఓజోన్ సరిగ్గా అక్కడే కోస్తుంది. రబ్బరు సాగి ఉన్నచోట మరీ సులువుగా కోస్తుంది.

ఇది నమ్మకపోతే చూపిస్తానని రెండు రబ్బరు బ్యాండ్లు తెప్పించాను, పాలప్యాకెట్లకి చుట్టి వచ్చేవి. ఒకదాన్ని ఊరికే కిటికీ గట్టు మీద పడేశాం. రెండోదాన్ని బాగా సాగదీసి చిన్న చెక్కముక్కకి తొడిగి పక్కనే పెట్టాం. సాగదీసిన దాని మీద సాగిన దిక్కుకి అడ్డంగా సన్నటి గాట్లు పడతాయి, ఎవరో బ్లేడుతో గీసినట్టు. ఊరికే పడేసినది అంత తొందరగా చీలదు. పాత టైరు పక్కగోడ మీద కనిపించే పగుళ్ళూ ఈ జాతివే.

దీనికి టైరు చేసేవాళ్ళు ఒక చక్కని ఉపాయం పెట్టారు. రబ్బరులో మైనమూ, ఓజోన్‌ని అడ్డుకునే మందూ కలిపేస్తారు. మైనం మెల్లగా లోపలినుంచి ఊరి పైకి వచ్చి పల్చటి పొరలా పరుచుకుంటుంది. ఆవకాయ జాడీలో ముక్కల మీద నూనె తేలి గాలి తగలకుండా కాపాడినట్టే. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే ఈ ఊట సరిగ్గా ఊరుతుంది. అందుకే నెలల తరబడి కదలని కారు టైర్లు, రోజూ తిరిగే టాక్సీ టైర్లకన్నా ముందు పగులుతాయి. పిల్లలు అమెరికాలో ఉండి తల్లిదండ్రులే మిగిలిన ఇళ్ళలో కార్లకి ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే, పండక్కోసారి తప్ప అవి షెడ్డు దాటవు.

పక్కగోడ మీద కొన్నాళ్ళకి గోధుమరంగు డాగు వస్తుంది. మనవాడు అది మురికనుకున్నాడు. అది ఆ మందు పైకొచ్చి గాలికి మారిన రంగు. మూడో సీసాలోది కిరసనాయిలు వాసనొచ్చే ద్రావణం. అది రాస్తే ఏమవుతుంది? ఆ మందుని, మైనాన్ని కరిగించి తుడిచి పారేస్తుంది. జాడీలో నూనె వంపేసి పైన జిగురు పూసి, ఆవకాయ మెరుస్తోంది చూడండన్నట్టు ఉంటుంది. మూడో సీసా మూత బిగించి పక్కన పెట్టించాను. టైరుకి సబ్బునీళ్ళు చాలు. మెరుపు కావాలంటే నీళ్ళతో చేసిన రకం కొనుక్కోవాలి, అదీ పక్కగోడకే. రోడ్డుకి తగిలే ముఖానికీ, పెడళ్ళకీ, స్టీరింగుకీ ఏదీ పూయకూడదు. జారితే తర్వాత చెప్పుకోడానికి మనిషి ఉండాలి కదా.

ఇంకోటి. టైరు పక్కగోడ మీద అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. మనవాడు మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు టైర్లూ వెతికాడు. స్టెప్నీ మాత్రం మిగతా వాటికన్నా ఆరేళ్ళు పెద్దది. ఒక్క కిలోమీటరూ తిరగకపోయినా దానికి వయసు ఆగదు.

ఇక డాష్‌బోర్డు సీసా. దాని మీద గొడుగు బొమ్మ, కిరణాలు తగిలి వెనక్కి పోతున్నట్టు బాణాలు. నేను కారెక్కి కూర్చున్నాను. నా కళ్ళద్దాలు ఎండలోకి వెళ్ళగానే నల్లబడే రకం. అరుగు దిగినప్పుడు నల్లబడ్డవి, కారులో ముందు సీట్లో కూర్చున్న రెండు నిమిషాలకి తెల్లబడ్డాయి. ముఖం మీద ఎండ కొడుతూనే ఉంది.

"ఇదేంటి తాతయ్యా?"

ఆ కళ్ళద్దాలు అతినీలలోహిత కిరణాలకే నల్లబడతాయి. కారు ముందరద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. ఆ పొర ఆ కిరణాల్ని దాదాపుగా మింగేస్తుంది. అమెరికాలో ఒక కంటి డాక్టరు 29 కార్లని కొలిచి 2016లో ప్రచురించాడు. ముందరద్దాలు సగటున 96 శాతం ఆపాయి. పక్కద్దాలు సగటున 71 శాతమే, కొన్ని కార్లలో 44 శాతానికే సరిపెట్టుకున్నాయి. అంటే ముందరద్దం వెనకున్న డాష్‌బోర్డుకి గొడుగు ముందే ఉంది. మరి దాన్ని చంపేదేమిటి? చాలామట్టుకు వేడి.

అరిజోనాలో 37 డిగ్రీలు దాటిన రోజుల్లో కార్లని ఎండలో నిలిపి కొలిచారు, 2018లో ఆ లెక్కలు వచ్చాయి. గంటలో డాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలు, స్టీరింగు 53, సీట్లు 51. నీడలో పెట్టిన వాటిలో డాష్‌బోర్డు 48. మన రోహిణీకార్తె ఆ ఎండలకి ఏమీ తీసిపోదు. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం రెట్టింపవుతుందని ఒక ముతక లెక్క ఉంది. 48కీ 69కీ తేడా ఇరవై పైనే, అంటే నాలుగు రెట్ల నాశనం. చెట్టు నీడ ఖరీదు ఎంతో ఇప్పుడు లెక్కేసుకో.

ఆ వేడిలో పోయేదేమిటో చెప్పడానికి నా వెధవపని ఒకటి చెప్పక తప్పదు. దానికి ముందొక సంగతి. నీళ్ళ పైపు, సీటు రెక్సిన్ రెండూ పీవీసీయే. పైపు కర్రలా ఉంటుంది, రెక్సిన్ మెత్తగా ఉంటుంది. తేడా అంతా లోపల కలిపిన నూనెలాంటి పదార్థంలో ఉంది. అప్పడాల పిండిలో నూనె వేసి దంచితే మెత్తగా సాగుతుందే, అలాగ. 1926లో అమెరికాలో వాల్డో సీమన్ అనే ఆయన రబ్బరుని లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతూ, పీవీసీని ఎక్కువ వేడికి గాని మరగని ద్రావణాల్లో కాచాడు. జిగురు రాలేదు గాని, సాగే మెత్తటి ముద్ద వచ్చింది. నూరేళ్ళుగా మన రెయిన్‌కోట్లు, సీటు కవర్లు ఆయన చలవే.

ఈ నూనె శాశ్వతంగా అతుక్కుని ఉండదు. ఎండలో కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. ముందరద్దానికి లోపలివైపు జిడ్డుగా మంచులా పేరుకునేది చాలావరకు అదే. పాత ఆల్బంలో ప్లాస్టిక్ కవరుకి ఫొటో అంటుకుపోయి చీలిపోయేదీ దీనివల్లే. నా అంబాసిడర్‌కి గోధుమరంగు రెక్సిన్ సీట్లుండేవి. ఒక సంక్రాంతికి మురికి పోవాలని పెట్రోలు గుడ్డతో శుభ్రంగా తుడిచాను. అద్దంలా వచ్చాయి. మీ నాయనమ్మకి చూపించుకుని పొంగిపోయాను. మురికితోపాటు ఆ నూనెనీ లాగేశానని ఉగాదికి గాని తెలియలేదు. కుట్లవెంట చీలి, కూర్చుంటే కరకరమనేవి. మే నెలకి లోపలి పీచు బయటికొచ్చింది. అప్పట్లో నేను పదో తరగతికి ద్రావణాల పాఠం చెబుతున్నాను, అదీ సంగతి.

సీసాలోంచి రాసే సిలికోన్ నూనె, పోయిన ఆ నూనెని తిరిగి లోపలికి ఎక్కించలేదు. పైన జారుడు పొరలా కూర్చుని మెరుస్తుంది. ఆ మెరుపు ముందరద్దంలో ప్రతిబింబించి కళ్ళలో కొడుతుంది, దుమ్ము దానికి అతుక్కుంటుంది. మన దుమ్ములో ఇసక పొడి ఉంటుంది, తుడిచినప్పుడల్లా గరుకు కాగితం రుద్దినట్టు. అందుకని ముందు దుమ్ము దులపాలి, తర్వాత తడిపి పిండిన మెత్తటి గుడ్డ, తర్వాత పొడిగుడ్డ. కారు ఆపాక అద్దానికి వెండి రంగు తెర. చవగ్గా దొరికే ఆ తెర, సీసాలన్నిటికన్నా ఘనమైనదని నా అభిప్రాయం.

తోలు సీసా మిగిలింది. ఈసారి మనవడు నమ్మకంగా ఉన్నాడు. తోలు చర్మం కదా, చర్మానికి నూనె కావాలి కదా అని.

పచ్చి చర్మం కుళ్ళిపోకుండా ఉండాలంటే పదును చెయ్యాలి. మన ఊళ్ళల్లో లందలో నీళ్ళుపోసి తంగేడు చెక్క వేసి నానబెట్టేవారు. బతుకమ్మలో పేర్చే ఆ పచ్చపూల తంగేడే, తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ చెక్కలోని వగరు చర్మంలోని పీచుల్ని కట్టి పడేస్తుంది. పచ్చి వక్క నమిలితే నోరు పిడచగట్టుకుపోతుందే, అదే వగరు, అదే పని. తర్వాత నూనెలు పట్టించి మెత్తన చేస్తారు. ఆ రకం చెప్పుల తోలుకి ఆముదం రాస్తే పీల్చుకునేది.

కారు సీట్ల తోలు వేరు. దాదాపు అన్నిటి మీదా రంగూ ప్లాస్టిక్కూ కలిపిన పల్చటి పూత ఉంటుంది. నీ చెయ్యి తగిలేది పూతకే. పరీక్ష తేలిక. ఒక నీటిచుక్క వెయ్యి. నల్లగా ఇంకితే పూత లేని తోలు. ముత్యంలా నిలబడితే పూత ఉంది, నీ నూనె లోపలికి పోదు. కొబ్బరినూనె రాశావంటే కుట్లలో నిలిచి ముక్కిపోతుంది, తొలకరికి బూజు పడుతుంది.

చుక్క వేశాడు. ముత్యంలా నిలబడింది. నాకెందుకో అనుమానమొచ్చి, సీటు అడుగున జిప్పు తీసి లోపలివైపు చూడమన్నాను. తోలైతే లోపల పీచుపీచుగా ఉండాలి. వాడికి నేసిన గుడ్డ కనిపించింది.

"తోలే అని చెప్పాడు తాతయ్యా అమ్మినవాడు!"

రెక్సినో, దాని చెల్లెలు పాలీయురేథేనో అయ్యుంటుంది. పాలీయురేథేన్‌కి ఎండకన్నా తేమ పెద్ద శత్రువు. కోస్తా ఊళ్ళల్లో సోఫా పొక్కులు లేచి చేపపొలుసుల్లా రాలేదీ, బీరువాలో పదిలంగా దాచిన బూట్ల అడుగులు తొడుక్కున్న రోజే ఊడిపోయేదీ ఆ తేమ పనే. రెక్సిన్ అన్న మాటకీ ఒక కథుంది. అది మొదట ఒక ఇంగ్లీషు కంపెనీ పెట్టుకున్న పేరు, గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూసి చేసేవారు. తుపాకి మందుకి దగ్గర చుట్టం ఆ నైట్రోసెల్యులోజ్. సరుకు మారిపోయింది, పేరు మాత్రం మన నాలుక మీద ఉండిపోయింది.

తోలైనా రెక్సినైనా మాసిపోయేది మాత్రం మన ఒంటివల్లే. చెమట, తలనూనె, చేతికి రాసుకున్న క్రీము. ఆఫీసర్ల కారు సీట్లకి వేసే తెల్ల టర్కీ తువ్వాలు చూసి నేనూ ఒకప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వను. చెమట పీలుస్తుంది, పక్కద్దంలోంచి పడే ఎండని ఆపుతుంది, వారానికోసారి ఉతికితే మళ్ళీ కొత్తది. అంతకన్నా మంచి సీటు మందు నాకింతవరకు కనపడలేదు.

సాయంత్రం మనవడు సీసాలు మూడూ డిక్కీలో పడేసి, కారు తీసుకెళ్ళి వీధిచివర కానుగచెట్టు కింద పెట్టొచ్చాడు. కానుగ నీడ చల్లన. పొద్దున చూస్తే బానెట్ మీద కాకులు తమ సంతకాలు పెట్టి ఉన్నాయి. అవి ఎండేలోపు కడగరా, పెయింటు తినేస్తాయి అన్నాను. బకెట్టు పట్టుకుపోతూ కిటికీ గట్టు దగ్గర ఆగాడు. సాగదీసిన రబ్బరు బ్యాండు మీద గాట్లింకా పడలేదు. "ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు. వచ్చే ఆదివారం మళ్ళీ రమ్మన్నాను.