చదవరాని కాగితం మీద సంతకం

కాగితం నిండా రష్యన్ అక్షరాలు. తెలుగు, ఉర్దూ, కాస్త ఇంగ్లిషు వచ్చిన కుర్రాడు దాన్ని ఎటు తిప్పి చూసినా ఒక్క ముక్క అర్థం కాదు. సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం పక్కనున్న మనిషి వేలు పెట్టి చూపిస్తాడు. హెల్పర్ ఉద్యోగం, సామాన్లు మోసే పని, యుద్ధానికి ఆమడ దూరం, మంచి జీతం, కొన్నాళ్లకు రష్యా పౌరసత్వం... ఇంటి దగ్గర ఏజెంటు చెప్పిన మాటలివి. కాగితంలో రాసి ఉన్నది రష్యా సైన్యంలో కొలువు.

2023 చివర్లో తెలంగాణ, కర్ణాటక, గుజరాత్, పంజాబ్, కేరళల నుంచి ఇలా వెళ్లినవాళ్లలో చాలామందికి అక్కడికి చేరాకే అసలు సంగతి తెలిసింది. కొందరు యూట్యూబ్ వీడియోలు చూసి నమ్మారు. కొన్నాళ్లు తుపాకీ పట్టడం నేర్పి ఉక్రెయిన్ సరిహద్దుకు తోలేశారు. 2024 ఫిబ్రవరిలో సూరత్ యువకుడొకరు డ్రోన్ దాడిలో చనిపోయాడు. మార్చి 6న హైదరాబాదీ ఒకరి మరణాన్ని మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. బట్టల దుకాణంలో పనిచేసి సంసారం నెట్టుకొచ్చిన మనిషి, ఇద్దరు పసిబిడ్డల తండ్రి. ఇలా చిక్కుకున్నవాళ్లను రప్పించమని హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అంతకుముందే విదేశాంగ శాఖకు లేఖ రాశారు. ఆ హైదరాబాదీ కుటుంబానికి మాత్రం శవపేటికే చేరింది. నారాయణపేట యువకుడొకరు సెప్టెంబరులో ప్రాణాలతో తిరిగొచ్చాడు.

రష్యాకు పరాయి దేశాల కుర్రాళ్లు ఎందుకు? సొంత ఊళ్ల నుంచి మరోసారి నిర్బంధంగా జనాన్ని పిలిస్తే ఇంట్లో అలజడి రేగుతుంది. 2022 సెప్టెంబరులో ఆ రుచి చూశారు, లక్షల మంది దేశం విడిచి పోయారు. అందుకే పౌరసత్వాన్ని ఎరగా వేశారు. ఏడాదికి తక్కువ కాకుండా సైన్యంలో చేరిన విదేశీయుడికి, అతని భార్యాబిడ్డలకు, తల్లిదండ్రులకు కూడా పౌరసత్వం సులువుగా దక్కేలా 2024 జనవరి 4న పుతిన్ ఉత్తర్వు ఇచ్చారు. వినడానికి బాగానే ఉంది. అయితే 2022 సెప్టెంబరులోనే మరో ఉత్తర్వు వచ్చింది. ఆ నిర్బంధ సైనిక సమీకరణ ముగిసేదాకా సైనిక కాంట్రాక్టులన్నీ అమల్లోనే ఉంటాయని దాని సారాంశం. అంటే కాగితం మీద ఏడాది, నిజానికి యుద్ధం తెమిలేదాకా. పౌరసత్వం ఆశ చూపినవాడు ఈ రెండో సంగతి చెప్పడు.

గల్ఫ్ వలసల గడ్డ కాబట్టి మనకిది కొత్త మోసం కాదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో, పేరుకే యజమాని ఉండే ఆజాద్ వీసా మాట వినని ఇల్లు తక్కువ. 1983 నాటి వలసల చట్టం కింద లైసెన్సున్న ఏజెంటు కార్మికుడి దగ్గర రూ. 30 వేలు, ఆపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. పదో తరగతి దాటనివాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ 18లో రష్యా లేదు. విజిటింగ్ వీసా మీద విమానం ఎక్కిస్తే అడిగేవాడుండడు. ఏజెంట్లు దూరింది ఆ సందులోంచే. 2024 మార్చిలో సీబీఐ ఏడు నగరాల్లో సోదాలు చేసింది. అప్పటికే చావు కబుర్లు రావడం మొదలైంది.

మాట ఇచ్చి నిలబెట్టుకునే దేశాలైతే ఫర్వాలేదా? అమెరికానే చూద్దాం. గ్రీన్ కార్డు లేకపోయినా, చట్టబద్ధమైన వీసా మీద ఉన్న వైద్యులను, సైన్యానికి అవసరమైన భాషలు వచ్చినవాళ్లను చేర్చుకునే మావ్ని పథకం 2009లో మొదలైంది. పది వారాల శిక్షణ అయ్యేసరికి పౌరసత్వం చేతికొచ్చేది. పదివేల మందికి పైగా చేరారు. 2016లో భద్రతా తనిఖీల పేరుతో నిబంధనలు బిగించి చేరికలు ఆపేశారు. అప్పటికే సంతకాలు చేసిన వేలమంది ఏళ్ల తరబడి కాచుక్కూర్చున్నారు. ఈలోగా కొందరి వీసా గడువు తీరిపోయింది. సైనికులుగా ప్రమాణం చేసినవాళ్లు ఆ సర్కారు మీదే కోర్టుకెక్కాల్సి వచ్చింది. గ్రీన్ కార్డు వరుసలో పదేళ్లుగా నిలబడ్డ మన పిల్లల ఇళ్లలో ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

బ్రిటన్ కోసం 1815 నుంచి నెత్తురు చిందించిన గూర్ఖాలదీ ఇదే గోస. 1997కు ముందు రిటైరైనవాళ్లకు ఆ దేశంలో స్థిరపడే హక్కు కోసం, నటి జోయనా లమ్లీ ముందు నిలిచి నడిపిన ఉద్యమం కావాల్సి వచ్చింది. 2009 ఏప్రిల్ 29న పార్లమెంటులో ప్రభుత్వమే ఓడిపోయింది. నెల తిరక్కుండా నాలుగేళ్లు కొలువు చేసిన ప్రతి గూర్ఖాకూ తలుపు తెరిచారు. అప్పటికి చాలామంది ముసలివాళ్లైపోయారు.

కొలువుకు పౌరసత్వం అనే ఈ బేరంలో నిబంధన ఎప్పుడు మార్చాలన్నది ఒక పక్షం ఇష్టం. రెండో పక్షం ప్రాణం ముందే ఇచ్చేసి ఉంటుంది. మధ్యలో వదిలి వస్తే పారిపోయిన సైనికుడన్న ముద్ర, జైలు. ఇంత తేడా ఉన్నచోట సంతకం పెట్టాడుగా అని బాధితుణ్ని తప్పుపట్టడం నా మనసుకు ఒప్పదు. అప్పు తీరాలి, చెల్లి పెళ్లి కావాలి, పిల్లలకు మంచి బడి కావాలి. ఆ ఇంటి ముందు నిలబడి కాంట్రాక్టు చదవలేదేం అని అడగ్గలమా?

ప్రధాని మోదీ 2024 జులైలో మాస్కో వెళ్లినప్పుడు ఈ సంగతి ఎత్తారు, కొందరు విడుదలయ్యారు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇది: మొత్తం 126 మంది. తిరిగొచ్చినవాళ్లు 96. చనిపోయినవాళ్లు 12. ఆచూకీ తెలియనివాళ్లు 16. ఆ ఏడాది సెప్టెంబరులో మళ్లీ, ఎవరూ ఇలాంటి ఉద్యోగాలకు ఒప్పుకోవద్దని హెచ్చరించాల్సి వచ్చింది.

అప్పటికి ఆ 16 ఇళ్లకు శవం రాలేదు, మరణ పత్రమూ లేదు. మనిషి కబురు తెలియకుండా ఏడేళ్లు గడిస్తే తప్ప మన చట్టం అతను చనిపోయినట్టు భావించదు. అప్పటిదాకా బ్యాంకు ఖాతా, బీమా, పొలం పట్టా అన్నీ అతని పేరునే ఉంటాయి. అప్పిచ్చినవాడు మాత్రం నెలనెలా వస్తూనే ఉంటాడు.