పులి ఇంటి పిల్ల, సూర్యుడింటి పిల్లాడు

అరకు దగ్గరి డుంబ్రిగుడ కొండల్లో పెళ్లి మాట ఎత్తగానే ముందు తేల్చుకునేది వంశం. కిల్లో వాళ్లది పులి, కొర్రా వాళ్లది సూర్యుడు, పాంగి వాళ్లది గద్ద, వంతల వాళ్లది పాము, గొల్లోరి వాళ్లది కోతి. కిల్లో పిల్లను కిల్లో పిల్లాడికి ఇవ్వరు. ఊళ్లు ఎంత దూరమైనా, మునుపెన్నడూ మొహాలు చూసుకోకపోయినా వాళ్లు అన్నాచెల్లెళ్ల వరసే. కొర్రా ఇంటికో పాంగి ఇంటికో ఇవ్వచ్చు.

ఇలాంటి కట్టుబాటే ఆఫ్రికాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న బుగాండా రాజ్యంలోనూ ఉంది. ఉగాండా దేశానికి ఆ పేరు వచ్చింది ఈ రాజ్యం నుంచే. అక్కడి గాండా ప్రజలకు యాభైకి పైగా వంశాలు: సింహం, చిరుత, కోతి, మిడత... తమ వంశపు జంతువును తినరు, తమ వంశంలో పెళ్లాడరు. వాళ్ల రాజు కబాకాది మరీ విశేషం. జనమంతా తండ్రి వంశం వాళ్లయితే, రాజు ఒక్కడు తల్లి వంశం వాడు. అందువల్ల సింహాసనం ఏ ఒక్క వంశం సొత్తూ కాలేదు. ఏ వంశపు ఆడపడుచు కడుపునైనా రేపటి రాజు పుట్టవచ్చు. రాజ్యాన్ని అన్ని వంశాలూ తమదనుకోవడానికి ఇంతకన్నా తెలివైన ఏర్పాటు దొరకడం కష్టం.

మన కొండలకు రాజులు దూరం; జయపురంలోనో మాడుగులలోనో ఉండేవారు. ఇక్కడ పెత్తనం ముఠాదారుది. కొన్ని ఊళ్లు కలిస్తే ఒక ముఠా. శిస్తు వసూలు, తగాదాల తీర్పు, నేరస్తులను పట్టివ్వడం అతని పని, తండ్రి తర్వాత కొడుకుది. వెట్టి చాకిరీ కూడా ఆ పెత్తనం అండనే సాగింది. 1969 నాటి రెగ్యులేషన్ ముఠాలను రద్దు చేసింది. 1966లో ఉగాండా సైన్యం దాడికి దేశం విడిచిన కబాకా రెండో ముటేసా లండన్‌లో కన్నుమూసిందీ 1969లోనే. బుగాండాలో 1993లో ఆయన కొడుకుకు పట్టాభిషేకం జరిగింది. ఇక్కడ ముఠాదారు మళ్లీ రాలేదు.

ఊరి కట్టు మాత్రం నిలిచింది. ఊరి పెద్దను నాయుడు అంటారు. ఆయన కబురు ఇంటింటికీ చేర్చేది బారికి. పెళ్లికీ పండక్కీ మంచిరోజు చెప్పేది దీసరి. చైత్రంలో ఇటుకల పండగ వస్తే మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయే బండ్లను ఆపి పండగ డబ్బులు అడుగుతారు. తుడుము, మోరి, కిరిడి మోగితే ధింసా నాట్యం మొదలు. ఆడవాళ్లు వెనక నుంచి చేతులు కలిపి పట్టుకుని, గొలుసు తెగకుండా ఒకే అడుగు వేస్తారు. అరకు రిసార్టుల్లో పర్యాటకులకు కాసేపు చూపించేదీ ఈ ఆటే కానీ, అక్కడ ఊరూ ఉండదు, పండగా ఉండదు. ధింసా చూడాలనుకునేవాళ్లు చైత్రంలో ఏదైనా పల్లెకు, నాయుడిని అడిగి మరీ వెళ్లడం మంచిది.