ట్రంకు పెట్టెలో ఏ పుస్తకం పెట్టుకోవాలి?

పోయిన వార్షికోత్సవానికి హాస్టల్‌కి వచ్చినప్పుడు డిగ్రీ చదివే తమ్ముడొకడు మమ్మల్ని పక్కకి పిలిచి అడిగాడు: "అన్నా, ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఉంటే శ్రీసిటీలో ఉద్యోగానికి మంచిదంటున్నారు. ఏం పుస్తకం కొనాల?" ఆ రోజు హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాం. ఇప్పుడు చెబుతున్నాం.

మా ఇద్దరి ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. నాన్నలు పులికాట్‌లో వల వేస్తే, అమ్మలు రొయ్యల గంప నెత్తిన పెట్టుకుని సంతకి పోయారు. ఏ పుస్తకం మంచిదో చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు. అందుకే మొదట దారి తప్పాం.

ప్రాజెక్టు అంటే మొదలూ తుదీ ఉన్న పని. మన సరస్సు అవతల శ్రీహరికోట నుంచి 1980 జులై 18న ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్ళింది కదా, ఆ పని మొత్తాన్నీ నడిపిన ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. అలాంటి పనిని నడిపే పద్ధతుల మీద అమెరికాలో 1969లో పుట్టిన పి.ఎం.ఐ. అనే సంస్థ పరీక్షలు పెడుతుంది. అందరూ పేరు చెప్పే పి.ఎం.పి.కి డిగ్రీ ఉన్నా సాధారణంగా 36 నెలల అనుభవం అడుగుతారు. అది ఇప్పుడు మనకి కాదు. అనుభవం లేనివాళ్ళకి సి.ఎ.పి.ఎం. అని ఉంది. దానికి 23 గంటల పాఠాలు విని ఉండాలి. మూడు గంటల్లో 150 ప్రశ్నలు, తెలుగులో లేదు.

మేము చేసిన పొరపాటు చెబుతాం. చెన్నైలో పాత పుస్తకాల కొట్టులో 'పిఎంబాక్ గైడ్' ఆరో ఎడిషన్ చవగ్గా దొరికింది. లావుపాటి పుస్తకం, చూడగానే గౌరవం కలిగింది. అందులోని 49 ప్రాసెస్‌లనూ ఎక్కాల మాదిరి బట్టీ పట్టాం. నాలుగు నెలలు రాత్రి స్టడీ అవర్ తర్వాత వరండా లైటు కింద అదే పని. తీరా మాక్ టెస్టు రాస్తే సగం మార్కులు కూడా రాలేదు. ఆ పుస్తకం 2017 నాటిది. 2021లో వచ్చిన ఏడో ఎడిషన్ 12 సూత్రాల చుట్టూ పూర్తిగా మారిపోయింది. 2023లో సి.ఎ.పి.ఎం. పరీక్షే మారింది. ఇవేవీ మేము చూడలేదు. ఫీజు కోసం మాలో ఒకరి అమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసి ఉంది. పరీక్ష ఆరు నెలలు వెనక్కి పోయింది, వడ్డీ మాత్రం వెనక్కి పోలేదు.

కాబట్టి పుస్తకం కంటే ముందు పరీక్ష సిలబస్ కాగితం తెచ్చుకోండి. 'ఎగ్జామినేషన్ కంటెంట్ అవుట్‌లైన్' అంటారు, పి.ఎం.ఐ. ఉచితంగానే ఇస్తుంది. 2023లో మారిన పరీక్ష ప్రకారం మౌలిక విషయాలకి 36 శాతం, ముందే ప్రణాళిక వేసుకుని చేసే పద్ధతికి 17, ఎజైల్‌కి 20, బిజినెస్ అనాలిసిస్‌కి 27. మేము బట్టీ పట్టిన ప్రాసెస్‌ల బరువు ఎక్కువగా పడేది ఆ 17 మీద! ఏ పుస్తకం చేతికొచ్చినా ముద్రణ సంవత్సరం చూసి, విషయసూచికని ఈ కాగితం పక్కన పెట్టి పోల్చండి. బిజినెస్ అనాలిసిస్ అధ్యాయం లేకపోతే అక్కడే వదిలేయండి. వాడే ముందు ఆ కాగితం మీది సంవత్సరం కూడా చూసుకోండి, అదీ మారుతుంది.

రెండో పరీక్ష మీరే పెట్టాలి. క్రిటికల్ పాత్ గురించి రాసిన పేజీ తెరిచి చదవండి. తర్వాత పుస్తకం మూసి ఈ లెక్క చేయండి. వార్షికోత్సవానికి సంచిక రావాలి: రచనలు సేకరించడానికి 10 రోజులు, డి.టి.పి., ప్రూఫులకి 6, అచ్చుకి 5. ఒకటి అయ్యాకే ఇంకొకటి, మొత్తం 21. నాటకం రిహార్సళ్ళకి 15 రోజులు, అవి పక్కన నడుస్తాయి. రెండూ ఒకే రోజు మొదలైతే నాటకంవాళ్ళు 6 రోజులు ఆలస్యం చేసినా పండగ ఆగదు. ప్రూఫులు చూసేవాడు ఒక్కరోజు నిద్రపోతే పండగ ఒకరోజు జరుగుతుంది. ఆ 21 రోజుల దారే క్రిటికల్ పాత్, ఆ 6 రోజుల వెసులుబాటు ఫ్లోట్. ఇంత విషయాన్ని మీకు అర్థమయ్యేటట్టు చెప్పలేని పుస్తకం ఎంత పేరున్నదైనా మనకి వద్దు. (ప్రూఫులు చూసేది ఈసారి ఎవరో మాకు తెలుసు, పేరు చెప్పం.)

వినడానికి డబ్బు పెట్టనక్కర్లేదు. ఐ.ఐ.టి.లు, ఐ.ఐ.ఎస్‌సి. కలిసి నడిపే ఎన్.పి.టి.ఇ.ఎల్.లో ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. ఇంగ్లీషు వేగంగా అనిపిస్తే ఆపి మళ్ళీ వినొచ్చు, క్లాసులో ఆ వీలు లేదు. ఎం.బి.ఏ.లో ఈ పేపరు చదివినవాళ్ళు ఆ గంటలు దరఖాస్తులో చూపించుకోవచ్చు.

మా ఖర్చంతా మాక్ టెస్టుల మీదే పెట్టాం, దానికి బాధ లేదు. "పని మధ్యలో కస్టమరు కొత్త కోరిక కోరితే మొదట ఏం చేస్తావు?" అన్నట్టు ఉంటాయి ప్రశ్నలు. వెంటనే సరే అనకూడదు, కాదనీ అనకూడదు. సమయం మీద, ఖర్చు మీద దాని ప్రభావం ముందు లెక్క చూడాలి. ఇది బట్టీకి రాదు. తప్పయిన ప్రతి ప్రశ్నకీ ఎందుకు తప్పో నోటుబుక్కులో రాసుకున్నాకే మా మార్కులు కదిలాయి.

అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలే ఇస్తామని ఒకచోట మమ్మల్ని డబ్బు అడిగారు. ముట్టుకోకండి. ప్రశ్నలు బయటపెట్టమని ఒప్పుకునే పరీక్ష రాస్తాం. పట్టుబడితే ఫలితం రద్దవుతుంది, అప్పు మిగులుతుంది.

మాలో ఒకరం పాసయ్యాం, ఇంకొకరం రాయబోతున్నాం. తప్పుల నోటుబుక్కులు, కొత్త పుస్తకం హాస్టల్ అలమారాలో పెట్టి తాళం వార్డెన్ గారికి ఇచ్చాం. ఆరో ఎడిషన్ కూడా అక్కడే ఉంది. దాని మొదటి పేజీలో 'ఇది 2017 నాటిది, క్రిటికల్ పాత్ వరకు చదవండి' అని ఎర్ర సిరాతో రాశాం.