ఒక్కసారే రాసే పరీక్ష

ఆదివారం ఆరాధన ముగిసి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మాస్టారూ, మా గుంటడిచేత నవోదయ రాయిద్దామనుకుంటన్నాం. ఏటి చదివించాలి?" మేము బడిపంతుళ్లం కాము. భార్యాభర్తలిద్దరం సండేస్కూలు చెబుతాము గనుక నౌపడలో ఆ పేరు నిలిచిపోయింది. అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత మాకు ఉంది. మా అబ్బాయి విషయంలో మేము ఒక పొరపాటు చేశాము. అది మరొక ఇంట్లో జరగకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

1986 నాటి జాతీయ విద్యావిధానంతో జవహర్ నవోదయ విద్యాలయాలు జిల్లా జిల్లాకు వచ్చాయి. మన శ్రీకాకుళం జిల్లాకు సరుబుజ్జిలి మండలం వెన్నెలవలసలోను, విజయనగరం వారికి కిల్తంపాలెంలోను ఉన్నాయి. ఆరో తరగతిలో చేరిన బిడ్డ పన్నెండు వరకు అక్కడే ఉండి చదువుకుంటాడు. చదువు, భోజనం, వసతి, పుస్తకాలు, బట్టలు అన్నీ ఉచితం. తొమ్మిదో తరగతి నుండి నెలకు 600 రూపాయలు కట్టాలి గాని ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. ఉప్పు మడుల్లో ఎండకు ఎండి కూలి తెచ్చుకునే ఇంటికి ఇది ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు. ఆరో తరగతికి ఉన్నవి 80 సీట్లు. వాటిలో కనీసం 75 శాతం పల్లెటూరి పిల్లలకే. మూడోవంతు ఆడపిల్లలకు. రాసేవారు మాత్రం వేలమంది. ఒక బిడ్డ ఈ పరీక్షను జీవితంలో ఒక్కసారే రాయగలడు. మరుసటి ఏడు మళ్లీ రాద్దామంటే కుదరదు.

ఇక మా సంగతి. మా అబ్బాయి మూడో తరగతి ఊరి బడిలోనే చదివాడు. ఇంగ్లీషు బాగా వస్తుందని ఎవరో చెప్పగా, నాలుగో తరగతికి పలాసలో వాళ్ల పిన్ని ఇంట ఉంచి ఒక ప్రైవేటు బడిలో వేశాము. బెంగపెట్టుకుంటే అయిదుకు మళ్లీ తీసుకొచ్చేశాము. దరఖాస్తు నింపేటప్పుడు గాని అసలు నిబంధన మా కంట పడలేదు. పల్లెకోటా కావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా పల్లె బడుల్లోనే చదవాలి. ఆ మూడేళ్లలో ఒక్కరోజు పట్టణపు బడిలో చదివినా పట్టణ విద్యార్థి కిందే లెక్క. పలాస మునిసిపాలిటీ కదా.

ఒక పెద్దాయన ధైర్యం చెప్పారు. "దానికేటి, నాలుగు కూడా ఇక్కడే చదివినట్టు కాగితం పుట్టిద్దాం." ఆ రాత్రి, మరుసటి రాత్రి మాకు నిద్ర లేదు. వద్దని వెంటనే అన్నామని రాస్తే అది అబద్ధమవుతుంది. నిజానికి ఎవరిని కలవాలో కూడా ఆలోచించాము. మూడో రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక వాడే అడిగాడు. "నాన్నా, నేను పలాసలో చదివానని ఎవరికీ చెప్పకూడదా?" మేము వాడితో ఏమీ అనలేదు, మా మాటలు గోడ అవతల విన్నాడు. తెల్లవారి ఉన్నది ఉన్నట్టు నింపాము. వాడికి సీటు రాలేదు. పల్లెకోటాలోనైతే వచ్చేదా? అది మాకు తెలియదు. చాలాకాలం ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు.

కాబట్టి తలిదండ్రులారా, తయారీ అయిదో తరగతిలో మొదలుకాదు, మూడో తరగతిలో బడి ఎంచుకున్నప్పుడే మొదలవుతుంది. వేసవి సెలవులు అవగానే ప్రధానోపాధ్యాయుల దగ్గర కూర్చుని ఆ ఏటి ప్రకటనను వరుస వరుసా చదివించుకోండి. పుట్టిన తేదీ, జిల్లా, కుల ధ్రువపత్రం అన్నీ సరిచూసుకోండి. దరఖాస్తుకు రుసుము లేదు.

పరీక్ష రెండు గంటలు. 80 ప్రశ్నలు, 100 మార్కులు. సగం, అంటే 40 ప్రశ్నలు, బొమ్మల మీదే. మన పిల్లలు తడబడేది ఇక్కడే, బడి పుస్తకాల్లో అలాంటివి తక్కువ గనుక. వేరుగా ఉన్న బొమ్మ ఏది, తరువాత వచ్చేది ఏది, అద్దంలో ఎలా కనబడుతుంది, మడిచిన కాగితానికి చిల్లు పెట్టి విప్పితే ఎలా ఉంటుంది, ఈ తరహావి. దీనికి గైడు కొనే ముందు ఇంట్లో ఉన్న పాత పేపరు తీయండి. క్రిస్మసుకు మందిరంలో రంగు కాగితాలు మడిచి కత్తిరించి తోరణాలు కడతాము కదా, పిల్లల్ని ఆ పనిలో కూర్చోబెట్టండి. కత్తెర వేసే ముందు, విప్పితే ఏమవుతుందో గీసి చూపించమనండి. మా సాయంకాలపు పిల్లలు నెలరోజుల్లో మాకంటే చురుకయ్యారు. చేతి అద్దం ముందు తెలుగు అక్షరాలు పెట్టి, చూడకుండా ముందే గీయించడం మరొక ఆట.

లెక్కలు 20. భిన్నాలు, దశాంశాలు, క.సా.గు., గ.సా.భా., లాభనష్టాలు, చుట్టుకొలత, వైశాల్యం వంటివి. ఎక్కాలు నోటికి రావాలి, దానికి దొడ్డిదారి లేదు. మిగతాది మన చుట్టూ ఉన్నదే. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న ఉప్పు మడి చుట్టూ గట్టు వేయాలంటే ఎన్ని మీటర్లు? దాని వైశాల్యం ఎంత? గట్టుమీద ఒకసారి నడిచిన పిల్లవాడు చుట్టుకొలతను, వైశాల్యాన్ని కలగలపడు. నౌపడ నుండి గుణుపురం సుమారు 90 కిలోమీటర్లు. బండి మూడు గంటల్లో వెళితే గంటకు ఎంత వేగం?

మిగిలిన 20 ప్రశ్నలు భాషవి. చిన్న చిన్న పేరాలు చదివి జవాబు చెప్పాలి, తెలుగులోనే రాయవచ్చు. ఇక్కడ మన సంఘాల గురించి ఒక మాట అనక తప్పదు. మన పిల్లలు కంఠతవాక్యాలు ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతారు. ఎవరు వెళ్లారు, ఎందుకు వెళ్లారు అని అడిగితే ముఖముఖాలు చూసుకుంటారు. కుటుంబ ప్రార్థనలో వాక్యభాగం బిడ్డచేత చదివించండి. చదివాక అయిదు ప్రశ్నలు అడగండి. అందులో ఒకటి వాక్యంలో నేరుగా లేనిది, ఆలోచించి చెప్పవలసినది కావాలి. రోజుకు పది నిమిషాల పని.

జవాబుపత్రంలో సున్నాలు బాల్‌పెన్నుతో నింపాలి, దిద్దడం ఉండదు. పాత నోటుబుక్కులో సున్నాలు గీసి అలవాటు చేయించండి. ఒక ప్రశ్న వదిలి తరువాతది దాని సున్నాలో నింపితే, ఆ కిందివన్నీ తప్పిపోతాయి. తప్పుకు మార్కులు కోయరు గనుక చివరికి ఏదీ ఖాళీగా వదలనక్కరలేదు.

కోచింగు గురించి అడుగుతారు. మంచివారు ఉన్నారు, కాదనము. అయితే ఈ పరీక్ష కోసమే పదేళ్ల బిడ్డను ఏడాదిపాటు హాస్టలులో పెట్టి తెల్లవారుజామున నాలుగింటికి లేపడం మాకు సమ్మతం కాదు. 1962లో స్థాపించిన కోరుకొండ సైనిక్ స్కూలు పరీక్ష దీనికి వేరు. 125 ప్రశ్నలు, 300 మార్కులు, వాటిలో లెక్కలకే 150. సామాన్య జ్ఞానం కూడా ఉంటుంది, తరువాత వైద్యపరీక్ష. 2021 నుండి ఆడపిల్లలనూ తీసుకుంటున్నారు. ఫీజు ఉంటుంది గనుక ముందే కనుక్కోండి.

సీటు వస్తే ఏమిటన్నదీ ఆలోచించాలి. బిడ్డ తన బట్టలు తాను ఉతుక్కోవాలి, జ్వరమొస్తే చెప్పుకోవాలి, అమ్మ పక్కన లేకుండా ఒంటరిగా ప్రార్థన చేసుకోవాలి. హన్నా సమూయేలును మందిరంలో విడిచిపెట్టింది గాని మరచిపోలేదు. ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లింది. బిడ్డ ఎంత ఎదిగాడో ఆమె మనసులోనే కొలత వేసుకుని ఉంటుంది.

మరొక తప్పు కూడా ఒప్పుకోవాలి. ఉపవాస కూడికలో వాడి పేరు పెట్టి, సీటు ఇస్తే కానుక ఇస్తామని అందరి ఎదుట ప్రార్థన చేయించాము. సంఘమంతా తనవైపే చూస్తున్నదని ఆ పసివాడికి తెలిసిపోయింది. ఫలితం వచ్చిన రాత్రి మేము అన్నం తినలేదు. వాడు పళ్లెం ముందు కూర్చుని, "నా వల్ల కానుక పోయిందా?" అన్నాడు. ఫలితం రాకముందే బిడ్డతో చెప్పవలసిన మాట ఒకటుంది, వచ్చినా రాకపోయినా నువ్వు మా బిడ్డవే అని. వచ్చాక చెబితే అది ఓదార్పు కిందే ఉంటుంది.

ఆ అబ్బాయి ఊళ్లోనే చదివి పది దాటి ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఉన్నాడు. మా చిన్నమ్మాయి దరఖాస్తు మొబైలులో వాడే నింపాడు. మూడో తరగతి ఎక్కడ, నాలుగు ఎక్కడ, అయిదు ఎక్కడ అన్న గళ్ల దగ్గర ఆగి, మావైపు చూసి నవ్వాడు. మూడు గళ్లలోనూ మా ఊరి బడి పేరే రాశాడు.