బండి బిల్లు చదవండి

వత్సవాయిలో ఒక ఇంట్లో ఆటో ఉందనుకోండి. తల్లి పొదుపు సంఘంలో అప్పు తెచ్చి కొన్నది. కొడుకు నడుపుతాడు. ఫ్రీ సర్వీసు అని బండిని జగ్గయ్యపేట తీసుకెళ్లారు. సాయంత్రానికి వేలల్లో బిల్లు చేతికొచ్చింది! ఇదేమిటి?

ఫ్రీ సర్వీసంటే మామూలుగా పని కూలి మాత్రమే ఫ్రీ. ఆయిలుకు, సామాన్లకు డబ్బు కట్టాలి. ఈ సంగతి ముందే అడగాలి.

బండి అప్పజెప్పేటప్పుడు జాబ్ కార్డు రాస్తారు. ఏ పని చేస్తారో, సుమారు ఎంతవుతుందో అందులో రాయించండి. “మమ్మల్ని అడక్కుండా వేరే పని చేయొద్దు బాబూ” అని చెప్పండి. అదీ రాయించండి. చదివాకే సంతకం పెట్టండి. (ఇప్పుడు వేలిముద్ర వేసే పని లేదుగా!)

“ఇది కూడా మార్చాలమ్మా, లేకపోతే ఇంజను పోతుంది” అని కొందరు భయపెడతారు. కంగారు పడొద్దు. ఏది ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మార్చామంటే, తీసిన పాత సామాను చూపించమనండి. ఆయిలు డబ్బా మీద ధర అచ్చయి ఉంటుంది. అంతకు మించి తీసుకోకూడదు.

బిల్లు అడగండి. ఇవ్వనంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది తప్పు. 1915కి ఫోను చేసి తెలుగులోనే చెప్పొచ్చు. ఫోనుకు డబ్బు పడదు. అక్కడ తేలకపోతే విజయవాడలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్లలోపు అర్జీ పెట్టాలి. కట్టిన సొమ్ము 5 లక్షలకు మించకపోతే ఫీజు లేదు. వకీలు లేకపోయినా ఫరవాలేదు. అర్జీకి జాబ్ కార్డు, బిల్లు జత చేయాలి. ఆ రెంటినీ రేషను కార్డు దాచిన పెట్టెలోనే దాచండి.